ఊరు మునిగితే ఊరి బయట వెతికిన మనిషి

సెప్టెంబర్ 15 వచ్చిందంటే చాలు, ఇంజనీరింగ్ కాలేజీల్లో తలపాగా, కోటు వేసుకున్న ఒక పెద్దాయన ఫోటోకి దండ పడుతుంది. పక్కన పోస్టర్‌లో కేఆర్ఎస్ డ్యామ్, 1955లో వచ్చిన భారతరత్న. నాకు మాత్రం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది 1909లో ఆయన హైదరాబాద్ కోసం పనిచేసిన కొన్ని నెలలు. పోస్టర్‌లో దానికి ఎప్పుడూ చోటు దొరకదు.

ఆయన పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో. ఇంటిపేరు మాత్రం మన ప్రకాశం జిల్లా వైపు ఉన్న మోక్షగుండం ఊరిది, పూర్వీకులు అక్కడివాళ్ళే. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీ చదివారు. మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పుణెలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. సింధ్‌లోని సుక్కూరుకి తాగునీళ్ళు తెచ్చారు. ఏడెన్ వెళ్ళి అక్కడి నీళ్ళు, డ్రైనేజీ సంగతి చూశారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో 1903లో పెట్టించిన గేట్లయితే సూపర్. నీటిమట్టం ఒక హద్దు దాటితే వాటంతట అవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. సెన్సర్ లేదు, కోడ్ లేదు. మా బ్రాంచ్ వాళ్ళం కొంచెం కుళ్ళుకోవాల్సిన విషయమే!

1908లో బొంబాయి ఉద్యోగం వదిలేసి విదేశాలు చూడటానికి వెళ్ళారు. ఆ సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నిజాం ప్రభుత్వం పిలుపు ఆయనకి యూరప్‌లో ఉండగా అందింది. 1909 ఏప్రిల్‌లో వచ్చారు.

వచ్చినాయన నది ఒడ్డున గోడ కట్టేసి వెళ్ళిపోవచ్చు. ఎవరైనా ముందు అదే అడుగుతారు కదా. ఆయన ముందు వాన లెక్కలు అడిగారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు పడింది. తర్వాత చెరువులు లెక్కపెట్టించారు. నగరానికి ఎగువన మూసీలోకి నీళ్ళొచ్చే ప్రాంతం 860 చదరపు మైళ్ళు, అందులో 788 చెరువులు. అంటే దాదాపు మైలుకొకటి. వాటిలో 221 తెగిపోయాయి. మనవి గొలుసుకట్టు చెరువులు కదా, పైది తెగితే ఆ నీళ్ళన్నీ కింది చెరువు మీద పడతాయి, అది ఆగలేక తెగుతుంది, దాని కింద ఇంకోటి. నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు, ఈ వరస.

కాబట్టి పరిష్కారం కూడా ఎగువనే ఉండాలన్నారు. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టి వరదని అక్కడే పట్టి, నది మోయగలిగినంతే కిందికి వదలాలి. నగరంలో గట్లు ఎత్తు చేసి, ఒడ్డున తోటలు, రోడ్లు వేయాలి. భూగర్భ డ్రైనేజీ కూడా కావాలి. రిపోర్ట్ ఇచ్చిన కొద్దిరోజులకే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. కట్టింది వేరేవాళ్ళు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. వరద వచ్చిన నాలుగేళ్ళకి ఊరికోసం ఒక బోర్డు, పందొమ్మిదేళ్ళకి రెండో జలాశయం! అంత ఓపిక ఉన్న ప్రభుత్వం ఇప్పుడు దొరకడం కష్టం. డ్రైనేజీ పని కోసం ఆయన తర్వాత మళ్ళీ హైదరాబాద్ వచ్చారు.

మైసూరు కథ అందరికీ తెలిసిందే. 1912 నుంచి 1918 దాకా దివాన్. వెనుకబడిన కులాలకి ఉద్యోగాల్లో వాటా ఇవ్వడం ఆయనకి నచ్చలేదు, ఆ గొడవ మీదే పదవి వదిలేశారు. దండ వేసే రోజు ఈ సంగతి ఎవరూ ఎత్తరు. నీళ్ళు ఎగువన ఎక్కడెక్కడ ఆగిపోతున్నాయో అంత బాగా లెక్కగట్టిన మనిషికి చదువు, ఉద్యోగం ఎక్కడ ఆగిపోతున్నాయో కనిపించకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. 1962లో, నూరేళ్ళు నిండాక పోయారు.

ఆయన లెక్క 1908 నాటి వానకి, అప్పటి ఊరికి. రెండు జలాశయాలూ తర్వాత తాగునీటికి కూడా ఆధారమయ్యాయి. ఇక్కడే ఒక చిక్కుంది: వరదని పట్టాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి, తాగునీళ్ళకైతే నిండుగా ఉండాలి. వాన ఎప్పుడు ఎంత పడుతుందో చెప్పలేని ఈ రోజుల్లో గేటు ఎప్పుడు ఎత్తాలన్నది చాలా పెద్ద నిర్ణయం. ఎగువ ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చారు, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది.

ఇక 2020 అక్టోబర్. ఒక్క రోజులో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్ల దాకా కురిసింది, అంటే దాదాపు శంషాబాద్ 12.8 అంగుళాలంత. ఈసారి ఊరే చెరువుల మీదికి వెళ్ళిపోయి ఉంది. పాతబస్తీ వైపు గుర్రం చెరువు కట్ట తెగి కింద ఉన్న కాలనీలు మునిగాయి.