పువ్వు లోపలికి చూసిన మాస్టారు: పంచానన్ మహేశ్వరి



మీ పిల్లలు పన్నెండో తరగతిలో ఉంటే వాళ్ల ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకం ఒకసారి తెరవండి. పునరుత్పత్తి యూనిట్ మొదట్లోనే ఒక శాస్త్రవేత్త ఫొటో కనిపిస్తుంది. పరీక్షలో ప్రశ్న రాదు కాబట్టి ఆ పేజీని పిల్లలు తిప్పేస్తారు. నిజం చెప్పాలంటే నేనూ చాలాకాలం తిప్పేసిన పేజీ అది. ఈ నెల ఆయన గురించే చెబుతాను.

పంచానన్ మహేశ్వరి 1904 నవంబర్ 9న జైపూర్‌లో పుట్టారు. పై చదువులకు అలహాబాద్ వెళ్లారు. అక్కడ విన్‌ఫీల్డ్ డడ్జన్ అనే అమెరికన్ మిషనరీ లెక్చరర్ ఆయనకు వృక్షశాస్త్రం మీద ఇష్టం కలిగించారు. తన శిష్యుడు తనను మించిపోతే అదే తనకు తృప్తి అని ఆ గురువు అనేవారట. బదులుగా ఏమివ్వాలని శిష్యుడు అడిగితే, నేను నీకు చేసింది నువ్వు నీ విద్యార్థులకు చెయ్యి అన్నారట. మహేశ్వరి ఆ మాటను జీవితాంతం నిలబెట్టుకున్నారు.

ఆయన ఎంచుకున్న పని పువ్వు లోపల, మైక్రోస్కోప్ కింద మాత్రమే కనిపించే ప్రపంచం. పువ్వులో పుప్పొడిని తయారుచేసే చిన్న సంచి లాంటి భాగమే పరాగకోశం. దాన్ని పల్చగా కోసి చూస్తే, ఎక్కువ మొక్కల్లో రెండు తమ్మెలు, ఒక్కో తమ్మెలో రెండేసి గదులు, మొత్తం నాలుగు కనిపిస్తాయి. గోడలో పొరలు ఉంటాయి. అన్నిటికంటే లోపలి పొర పేరు టపెటమ్. ఎదుగుతున్న పుప్పొడికి తిండి పెట్టేది అదే. ఎండోథీసియం అనే పొర, పరాగకోశం ఎండాక అది పగిలి పుప్పొడి బయటపడేలా చేస్తుంది.

ఇంత సూక్ష్మమైన విషయాలు ఎందుకని మీరు అడగవచ్చు. ఆకులు, రంగులు చూసి మొక్కల బంధుత్వం చెప్పబోతే మోసపోతాం. నీటిలో పెరిగే మొక్క, ఎడారి మొక్క పరిసరాలను బట్టి రూపం మార్చుకుంటాయి. పరాగకోశం, అండం, పిండం లోపలి నిర్మాణం మాత్రం అంత తేలిగ్గా మారదు. అందుకే ఏ కుటుంబం దేనికి దగ్గరో, పరిణామంలో ఏది ఎటు విడిపోయిందో చెప్పడానికి ఈ లక్షణాలను వాడాలని మహేశ్వరి చాటారు. 1950లో వచ్చిన ఆయన ఆవృతబీజాల పిండశాస్త్ర గ్రంథాన్ని ప్రపంచమంతా చదివింది.

ఢాకాలో దాదాపు పదేళ్లు పనిచేసి, 1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడి వృక్షశాస్త్ర విభాగాన్ని ప్రపంచం గుర్తించే కేంద్రంగా మార్చారు. 1962లో ఆయన, శిష్యులు కలిసి గసగసాల మొక్క అండాలను, పుప్పొడిని టెస్ట్ ట్యూబ్‌లోనే కలిపి విత్తనాలు వచ్చేలా చేశారు. మనిషి విషయంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ పుట్టింది 1978లో అని గుర్తుచేసుకోండి.

1964లో అదే విభాగంలో ఇంకో విశేషం జరిగింది. షిప్రా గుహ, మహేశ్వరి గారి కుమారుడు సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను పోషక ద్రావణంలో పెంచుతున్నారు. వాళ్లు చూడాలనుకున్నది కణవిభజన. కనిపించింది మాత్రం పరాగకోశం లోంచి వస్తున్న చిన్న చిన్న పిండాలు. అవి పుప్పొడి నుంచే పుట్టాయని తర్వాత తేలింది. సగం క్రోమోజోములే ఉండే ఇలాంటి మొక్కల వల్ల, చాలా తరాలు పట్టే స్వచ్ఛమైన వంగడాల తయారీ తొందరగా అవుతోంది. అనుకున్నది రాలేదని ఆ ట్యూబులు పారేసి ఉంటే?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది ఒక అమ్మాయి ల్యాబ్‌లో మందార పరాగకోశం చూసి, ఒకే తమ్మె, రెండే గదులు గీసింది. పుస్తకంలో నాలుగున్నాయని నేను మార్కు తగ్గించాను. తర్వాత చదివితే, మందార కుటుంబం తీరే అంత. పరిణామంలో ఆ కుటుంబానికి మిగిలింది సగం పరాగకోశమే. ఆ అమ్మాయి కళ్లతో చూసింది, నేను చూడలేదు. ఆమెకు సారీ చెప్పి మార్కు తిరిగి వేశాను. కానీ అప్పటికే ఆమె పుస్తకంలోని బొమ్మనే బట్టీపట్టడం మొదలుపెట్టింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మహేశ్వరి గారు అంత పేరున్నవారై ఉండి కూడా బడిపిల్లల్ని మరచిపోలేదు. 1964లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన మొట్టమొదటి హయ్యర్ సెకండరీ బయాలజీ పుస్తకాలకు ఆయనే నాయకత్వం వహించారు. 1965లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. మరుసటి ఏడాది మే 18న, 61 ఏళ్లకే కన్నుమూశారు.

నీట్ కోసం బొమ్మలు గుర్తుపెట్టుకోవాలి, కాదనను. కానీ ఈ ఆదివారం మీ పెరట్లోనో కుండీలోనో ఉన్న ఒక బెండ పువ్వు, ఒక వంకాయ పువ్వు పిల్లల చేతికివ్వండి. బెండ పువ్వులో చిన్న చిన్న పరాగకోశాలు గొట్టం చుట్టూ గుత్తిగా ఉంటాయి. వంకాయ పువ్వులో పసుపు పరాగకోశాల కొసన రంధ్రాలు ఉంటాయి, పుప్పొడి అందులోంచి రాలుతుంది. ఒక భూతద్దం చాలు. ఎన్ని మార్కులొచ్చాయని కాకుండా, ఏం కనిపించిందని అడగండి. వాళ్లు చెప్పింది పుస్తకంలో లేకపోతే కొట్టిపారేయకండి. సోమవారం నా దగ్గరికి పంపండి, ఇద్దరం కలిసి చూస్తాం.