సంధికి ముందే పాడిన స్తుతి

పంట ఇంటికొచ్చాక కోత పండుగనాడు దేవునికి స్తోత్రం చెప్పడం మా రైతు కుటుంబాల్లో అలవాటే. గాదె నిండినప్పుడు ఆ మాట చెప్పడం ఏమంత కష్టం? గాదె ఖాళీగా ఉన్న ఏడు కూడా అది నోటివెంట వస్తుందా అన్నదే అసలు ప్రశ్న. వస్తుందని తన బ్రతుకుతో చూపించినవాడు మార్టిన్ రింకార్ట్.

జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో ఐలెన్‌బర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. 1586 ఏప్రిల్‌లో అక్కడ చెక్క పీపాలు చేసే ఒక పనివాడి ఇంట రింకార్ట్ పుట్టాడు. లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ బడిలో పాటలు పాడుతూ చదువుకున్నాడు. ఆపైన అక్కడి విశ్వవిద్యాలయంలో వేదాంతం అభ్యసించి, 1617లో సొంత ఊరికే బోధకుడిగా వచ్చాడు. మరుసటి ఏడే ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలైంది. ఆయన సేవాకాలం దాదాపు అంతా ఆ మంటల్లోనే గడిచిపోయింది.

ఐలెన్‌బర్గ్ చుట్టూ కోటగోడ ఉండేది. ఆ గోడను నమ్ముకుని చుట్టుపక్కల పల్లెల జనం ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిపడ్డారు. ఇసకేస్తే రాలనంత మంది, తిండి చాలదు. రోగానికి ఇంకేం కావాలి? 1637లో మహమ్మారి విరుచుకుపడింది. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో గాని మనిషి కనుక్కోలేదు. రింకార్ట్ కాలంలో మందూ లేదు, కారణమూ తెలియదు. పెద్ద బోధకుడు ఊరొదిలి వెళ్ళిపోయాడు. మరో ఇద్దరు చనిపోతే వారినీ ఆయనే సమాధి చేశాడు. ఇక మిగిలింది ఆయనొక్కడే. రోజుకు నలభై, యాభై శవాలు. మొత్తం 4,480 మందికి ఆయన అంత్యక్రియలు జరిపాడని చెబుతారు. మే నెలలో ఆయన భార్య కూడా కన్నుమూసింది.

ప్లేగు వెనకాలే కరువు వచ్చింది. ఉన్నదంతా పంచిపెట్టి, తన వాళ్ళ తిండి కోసం రాబోయే సంవత్సరాల రాబడిని తాకట్టు పెట్టాడట. విత్తనం చల్లకముందే పంట మీద అప్పు తెచ్చే ఇంట్లో పుట్టినవాణ్ణి; ఆ బాధ నాకెవరూ వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషి రాసిందే ‘నూన్ డాంకెట్ ఆల్లే గాట్’ అనే కృతజ్ఞతాగీతం. మొదట అది ఇంట్లో భోజనం దగ్గర చెప్పుకునే చిన్న ప్రార్థన. యుద్ధం ముగిసిన సంబరంలో రాశాడని కొందరంటారు గాని, తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. సంధి కుదిరింది 1648 అక్టోబరులో. యోహాన్ క్రూగర్ స్వరంతో పాట అచ్చయింది 1647లో. అంటే శాంతి రాకముందే స్తుతి పుట్టింది!

మరి ఆయనకు దుఃఖమే లేదా? అన్ని సమాధుల దగ్గర నిలబడినవాడికి లేదని ఎవరనగలరు? ఆ దుఃఖంలోనే తన ముందున్న రొట్టెముక్కను చూశాడు, దానికి వందనం చెప్పాడు. రెండో చరణంలో ఆయన అడిగింది ధనం కాదు, సంతోషించే హృదయం, సమాధానం. సంతోషం వచ్చాక కృతజ్ఞత చెబుదామని మనం కూర్చుంటాం. ఆయన కృతజ్ఞతతో మొదలుపెట్టాడు. సంతోషం దాని వెంట నడిచింది.

సంధి కుదిరిన ఏడాదికి, 1649 డిసెంబరు 8న, ఆయన కన్నుమూశాడు. పాట మాత్రం బాఖ్, మెండెల్సన్ వంటి సంగీతకారుల చేతుల మీదుగా ప్రపంచమంతా తిరిగింది.

మిత్రులారా! ముందు పరీక్ష గట్టెక్కనీ, ముందు ఉద్యోగం రానీ, తర్వాత చూద్దాం అని మనం సంతోషాన్ని వాయిదా వేసుకుంటున్నాం. ఈ పూట హాస్టల్లో కంచం ముందు కూర్చున్నప్పుడు ఒక్క క్షణం రింకార్ట్‌ని తలచుకుందాం. ఆ అన్నం ఏ రైతు చెమటో, ఏ తల్లి ప్రార్థనో. స్తోత్రం చెప్పడానికి అది చాలదా?