కంటికి కోత పెట్టి చూపునిచ్చిన జాక్ డావియెల్

మన సభ్యుల్లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. ఉదయం ఆసుపత్రికి వెళ్ళి, సాయంత్రానికి నల్ల కళ్ళద్దాలతో ఇంటికి వచ్చేస్తున్నాం. ఈ భాగ్యానికి పునాది వేసిన ఫ్రెంచి వైద్యుడు జాక్ డావియెల్‌ను స్మరించుకోవడం మన విధి.

17వ శతాబ్దం చివర్లో నార్మండీ ప్రాంతంలో ఆయన జన్మించారు. 1720లో మార్సే నగరంలో ప్లేగు ప్రబలినప్పుడు ప్రాణాలకు తెగించి రోగులకు సేవ చేశారు. తరువాత అక్కడే నేత్ర చికిత్సలో పేరు గడించారు.

ఆ రోజుల్లో శుక్లాన్ని బయటికి తీసేవారు కాదు. సూదితో గుచ్చి కంటిలోనే కిందికి నెట్టేవారు. అది మళ్ళీ పైకి తేలడం, కన్ను వాచి చూపు పోవడం మామూలే. 1745లో ఒక సన్యాసికి చేసిన ఆ చికిత్స విఫలం కావడంతో డావియెల్ కొత్త దారి వెదికారు. 1747లో పారిస్‌లో నల్లగుడ్డు దిగువ అంచున కోసి, కత్తెరతో ఆ కోతను పెంచి, శుక్లాన్ని బయటికి తీశారు. కంటికి మత్తు చుక్కలు 1884లో గానీ రాలేదు. అంతవరకు రోగి ఆ బాధను ఓర్చుకోవలసిందే.

అసలు పరీక్ష ఆ తరువాతే. అర్ధచంద్రాకారంలో ఉన్న అంత పెద్ద కోతకు ఒక్క కుట్టు కూడా లేదు. కట్టు కట్టి, రోగిని కదలకుండా పడుకోబెట్టి, అది అతుక్కునేదాకా వేచి ఉండడమే. ఒక్క గట్టి దగ్గు వచ్చినా కోత విచ్చుకోవచ్చు. లోపలి పొర బయటికి జారవచ్చు. చీము పడితే కన్నే పోతుంది.

1749లో ఆయన 15వ లూయీ రాజుకు నేత్ర వైద్యులయ్యారు. 1756 నాటికి 434 ఆపరేషన్లు చేసి, వాటిలో 50 విఫలమయ్యాయని దాచకుండా వెల్లడించారు. 1762లో జెనీవాలో పరమపదించారు.

ఆయన గతించిన నూరేళ్ళకు, 1860లలో, బోస్టన్ వైద్యుడు హెన్రీ విల్లార్డ్ విలియమ్స్ ఆ కోతకు సన్నని కుట్టు వేశారు. 1967లో చార్లెస్ కెల్మన్ శుక్లాన్ని కంటిలోనే నలగగొట్టి పీల్చివేసే యంత్రాన్ని ఉపయోగించారు. క్రమంగా కోత 3 మిల్లీమీటర్లకు తగ్గింది. దాన్ని ఏటవాలుగా పెడతారు కనుక కంటి లోపలి ఒత్తిడే తలుపులా మూసి ఉంచుతుంది. నీరు కారితే ఒక కుట్టు వేస్తారు.

కుట్టు లేదు కదా అని అశ్రద్ధ చేయరాదు. డాక్టరు చెప్పినన్నాళ్ళు కన్ను నలపకుండా, నీరు తగలకుండా చూసుకోవాలి. రాత్రి కంటిపై మూత పెట్టుకోవాలి. నొప్పి, ఎరుపు కనిపించినా, చూపు తగ్గినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. డావియెల్ రోగులు ఎంతో ఓర్పుతో కాపాడుకున్న చూపును మనం కొద్దిపాటి జాగ్రత్తతో నిలుపుకోవచ్చు.