చిన్న తరంగములు కొలిచిన మహనీయుడు

మొక్కలకు స్పందన కలదని చాటిన శాస్త్రజ్ఞుడుగా జగదీశచంద్ర బోసును ఎరుగని విద్యార్థి యుండడు. అంతకు మున్నే రేడియో తరంగములపై వారు సల్పిన కృషి మాత్రము చాలకాలము మరుగున పడియుండెను.

బోసు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున మైమన్‌సింగ్‌లో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రబోసు ప్రభుత్వోద్యోగియైనను, కుమారుని తొలుత మాతృభాషలో బోధించు బడికే పంపెను. కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను విద్య ముగించి, 1885లో బోసు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి. భారతీయుడన్న కారణమున తెల్లవారికన్న తక్కువ జీతము నిర్ణయింపగా, మూడేండ్లు జీతము ముట్టకయే పాఠములు చెప్పిరి. తుదకు ప్రభుత్వము బకాయిలతో పూర్తి జీతము చెల్లింపవలసివచ్చెను.

హెర్ట్జ్ పుట్టించిన విద్యుదయస్కాంత తరంగములు పొడవైనవి. వానిని పరీక్షించుటకు భారీ పరికరములు కావలెను. 1894లో పరిశోధన కారంభించిన బోసు తరంగము పొడవును సుమారు 5 మిల్లీమీటర్లకు తగ్గించిరి. అనగా సెకనుకు 6,000 కోట్ల కంపనములు! ఇంత చిన్న తరంగములు కాంతివలెనే ప్రవర్తించును. కావున బల్లపైననే వాని పరావర్తన, వక్రీభవనములను వారు కొలువగలిగిరి. గంధకము, గాజు వానినెంత వంచునో లెక్కగట్టిరి. మెలివేసిన జనుపనారతో వాని కంపనతలమును త్రిప్పి చూపిరి. 1895లో కలకత్తా పురమందిరమున గోడల కావలికి తరంగములు పంపి గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చిరి. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పండితుల యెదుట ఆ పరికరములను ప్రదర్శించిరి.

అయితే దూరవార్తలకు దీర్ఘతరంగములే అనువైనవి. 1901లో మార్కోనీ వానితోనే అట్లాంటిక్ మహాసముద్రమును దాటించెను. బోసు దృష్టి వృక్షములవైపు మరలెను. 1917లో కలకత్తాలో స్వీయ పరిశోధనాలయమును స్థాపించి, 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించిరి.

కాలము మారినది. దీర్ఘతరంగములలో చోటు చాలక, నేటి సెల్‌ఫోను వ్యవస్థలు మిల్లీమీటరు తరంగముల నాశ్రయించుచున్నవి. వీనికి గోడ అడ్డు, ఆకు అడ్డు, వాన అడ్డు. బోసు వాడిన 5 మిల్లీమీటర్ల తరంగములనైతే గాలిలోని ప్రాణవాయువే పీల్చివేయును. అందుచే ఇంజనీర్లు వీధివీధిని తరంగబలమును కొలిచి, ఆ కొలతలనుండి గణిత నమూనాలు రచించి, స్తంభము లెచ్చట నిలుపవలెనో నిర్ణయించుచున్నారు. పదార్థము తరంగము నేమిచేయునో కొలిచి తెలిసికొనుటయే ఈ విద్యకు మూలము. బోసు బల్లపై జరిగినదియు నదియే. 2012లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థయగు ఐ.ఇ.ఇ.ఇ. ఆ కృషిని చారిత్రక ఘట్టముగా గుర్తించినది.

తక్షణ ప్రయోజనము కానరాకున్నను సత్యమును జాగ్రత్తగా కొలిచి యుంచినవాని శ్రమ వ్యర్థము గాదని బోసు జీవితము చాటుచున్నది.