సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు, ఉపాధ్యాయుడు. క్రీడాలోకములో రహీం సాబ్‌గా ఈయన పేరు పొందాడు. 1950 నుండి మరణించేవరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1951 ఆసియా క్రీడలు మొదలుకొని 1962 ఆసియా క్రీడల వరకు అనేక ప్రధాన పోటీలలో భారత జాతీయ జట్టుకు శిక్షకుడుగా ఉన్నాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశము గెలుచుకున్న రెండు స్వర్ణ పతకాలు (1951, 1962) ఈయన శిక్షణలో వచ్చినవే. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానము పొందినప్పుడు కూడా శిక్షకుడు ఈయనే.

ఉపాధ్యాయ వృత్తి

రహీం హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకునే రోజులలో విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. పట్టభద్రుడైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, ఉర్దూ షరీఫ్ పాఠశాలలోను, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను పనిచేశాడు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, ఆ తరువాత పనిచేసిన పాఠశాలలలో ఆటల బాధ్యతను కూడా స్వీకరించాడు. క్లబ్బు జట్లలో ఆటగాడుగా ఉన్నా, ఆటగాడుగా ఆయన పేరు హైదరాబాదు దాటి అంతగా వెళ్ళలేదు.

ఆయన శిక్షణను అర్థము చేసుకొనుటకు ఈ బడిపంతులు నేపథ్యము ముఖ్యము. పాఠము చెప్పే పద్ధతినే ఆయన మైదానానికి తీసుకువచ్చాడు. వేళకు రావడము, చెప్పినది శ్రద్ధగా వినడము, తోటివానితో కలిసి పనిచేయడము, తప్పు జరిగితే మళ్ళీ మొదటినుండి చేయడము ఆయన వద్ద నియమాలు. క్రమశిక్షణ విషయములో కఠినుడని ఆయనకు పేరు. అయితే ఆటగాళ్ళ ఇంటి పరిస్థితులు తెలుసుకొని ఆదుకొనేవాడు కూడా. సికింద్రాబాదు సమీపములోని అమ్ముగూడకు చెందిన పేద కుటుంబపు బాలుడు తులసీదాస్ బలరాం ఆటను చూచి, నగరానికి వచ్చి సాధన చేయమని పిలిచినది రహీమే. అంత దూరము వచ్చి వెళ్ళుటకు బలరాం వద్ద డబ్బు లేకపోగా, సైకిలు అద్దె ఆయనే ఇచ్చాడని చెబుతారు. ఆ బలరాం తరువాత రెండు ఒలింపిక్ క్రీడలలో భారత్ తరఫున ఆడాడు.

అమెచ్యూర్ క్రీడ - హైదరాబాదు

ఆటకు వేతనము తీసుకోనివారిని అమెచ్యూర్ క్రీడాకారులు అంటారు. ఆట అనేది నడవడి నేర్పే పాఠము, దానిని జీతము కోసము ఆడరాదు అనే భావన 19వ శతాబ్దపు ఇంగ్లాండు పాఠశాలలలో బలపడింది. అక్కడ ఫుట్‌బాల్ 1885లోనే వృత్తి ఆటగాళ్ళను అనుమతించగా, దాని సోదర క్రీడ అయిన రగ్బీ యూనియన్ మాత్రము 1995 వరకు అమెచ్యూర్ నియమాన్ని విడువలేదు. రహీం కాలములో ఒలింపిక్ క్రీడలు కూడా అమెచ్యూర్ ఆటగాళ్ళకే పరిమితము. (తూర్పు ఐరోపా దేశాల ఆటగాళ్ళు పేరుకే అమెచ్యూర్లు అన్న విమర్శ ఉండేది. భారత జట్టు తలపడినది ఎక్కువగా అటువంటి జట్లతోనే.)

భారతదేశములో మంచి ఆటగాళ్ళు రైల్వే, సైన్యము, పోలీసు వంటి శాఖలలో ఉద్యోగాలు చేస్తూ ఆడేవారు. సిటీ పోలీసు జట్టులోని వారు కూడా పోలీసు శాఖ ఉద్యోగులే. కలకత్తా క్లబ్బులకున్న ఆదరణ కాని, ధనము కాని ఈ జట్టుకు లేవు. అయినప్పటికీ రహీం శిక్షణలో ఈ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలుచుకుంది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58లలో వెంట వెంటనే గెలిచింది. 1940వ దశకము తొలినాళ్ళ నుండి మరణించేవరకు రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా కూడా పనిచేశాడు.

శిక్షణా విధానము

కార్యదర్శిగా రహీం పిల్లల కొరకు, యువకుల కొరకు నడిపిన ప్రత్యేక పోటీలు ఆసక్తికరమైనవి. వీటిలో ఒకటి డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ ఒంటరిగా ముందుకు వెళ్ళుటను డ్రిబ్లింగ్ అంటారు. ఈ పోటీలో అది నిషేధము. బంతి అందిన వెంటనే తోటివానికి అందించాలి. మరొకటి, అలవాటైన కాలితో కాక రెండవ కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ.

ఈ పోటీల తక్షణ ప్రయోజనము నైపుణ్యమే. రెండు కాళ్ళతో ఆడగలవాడిని ఆపుట కష్టము. బంతి వేగముగా చేతులు మారితే ప్రత్యర్థి చెదిరిపోతాడు. అయితే నడవడికి సంబంధించిన ప్రయోజనము కూడా తక్కువది కాదు. చూపరుల చప్పట్ల కోసము బంతిని తనవద్దనే ఉంచుకొనే పిల్లవాడికి ఇక్కడ చోటు లేదు. పక్కవాడు ఎక్కడ ఉన్నాడో చూచిన తరువాతనే బంతిని అందుకోవాలి. బలము, మొరటుదనము మీద ఆధారపడేవాడు కూడా ఈ ఆటలో నిలువలేడు, ఎందుకనగా అతడు వచ్చేసరికి బంతి అక్కడ ఉండదు. స్వార్థము కూడదని పిల్లలకు ఉపన్యాసము ఇచ్చుటకన్నా, స్వార్థముతో గెలువలేని ఆటను వారిచేత ఆడించడము ఉత్తమ బోధనా పద్ధతి అనవచ్చు.

ఒలింపిక్ క్రీడలు

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో శైలేన్ మన్నా నాయకత్వములోని భారత జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణము పొందింది. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఘోర పరాజయము ఎదురయింది. అప్పటికి భారత ఆటగాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడేవారు. ఆ ఓటమి తరువాత దేశములో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం కూడా ఆనాటి హంగరీ జట్టు ఆటతీరును పరిశీలించి, మధ్య ఫార్వర్డును కొంత వెనుకకు జరిపి ఆడించే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

దాని ఫలితము 1956లో మెల్బోర్న్‌లో కనిపించింది. డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడిగా నెవిల్ డిసౌజా ఆ ఆటలోనే చరిత్ర కెక్కాడు. ఒలింపిక్ క్రీడల అనంతరము సిడ్నీలో ఆస్ట్రేలియాతో మరల ఒక స్నేహపూర్వక ఆట జరుగగా, అందులో భారత్ 7-1తో గెలిచింది. మొదటి విజయము అదృష్టవశమన్న వారికి ఇంతకన్నా మర్యాదైన సమాధానము ఉండదు. సెమీ ఫైనల్‌లో యుగోస్లావియాపై మొదటి గోలు భారత్‌దే అయినా చివరకు 1-4తో ఓడిపోయింది. కాంస్య పతకము కొరకు జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం తదితర హైదరాబాదీలు ఆ బృందములో ఉన్నారు.

1960 రోము ఒలింపిక్ క్రీడలలో భారత్ హంగరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడిపోయి, ఫ్రాన్సుతో 1-1గా సమముగా నిలిచింది. ఈ బృందములో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు. ఆట మధ్యలో ఆటగాడిని మార్చే వీలు ఆ రోజులలో లేదు; తొలి పదకొండు మందిలో పేరు ఉంటేనే మైదానములో అడుగుపెట్టగలరు. ఆ పదకొండు మందిని నిర్ణయించే శిక్షకుడు తండ్రే అయినప్పటికీ, మూడు ఆటలలో ఒక్కదానిలోనూ హకీం ఆడలేదు. ఎంపికలలో బంధుప్రీతి గురించి తరచు వినవలసివచ్చే క్రీడారంగములో ఇది గుర్తుంచుకోదగిన విషయము.

జకార్తా, 1962

1962 ఆగష్టు 24 నుండి సెప్టెంబరు 4 వరకు ఇండొనేషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగాయి. ఆతిథ్య దేశము ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. ఆసియా క్రీడల ఆద్యులలో ఒకడైన భారతీయుడు జి.డి.సోంధీ దీనిని వ్యతిరేకించి, ఈ పోటీలకు ఆసియా క్రీడలన్న పేరు తగదని వాదించాడు. దీనితో జకార్తాలో భారతీయులపై ఆగ్రహము చెలరేగింది. సెప్టెంబరు 3న ఒక గుంపు భారత రాయబార కార్యాలయముపై దాడి చేసింది. మరునాడే ఫుట్‌బాల్ ఫైనల్.

భారత జట్టు అక్కడివరకు సులభముగా రాలేదు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో, సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించింది. థాయిలాండుతో ఆటలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతడిని సెమీ ఫైనల్‌లోను, ఫైనల్‌లోను మధ్య ఫార్వర్డుగా ఆడించాడు. అనారోగ్యముతో ఉన్న గోల్‌కీపరు పీటర్ తంగరాజ్‌ను ఫైనల్‌కు మళ్ళీ జట్టులోకి తీసుకున్నాడు. అప్పటికే రహీం స్వయముగా క్యాన్సరుతో బాధపడుతున్నాడు. ఫైనల్‌కు ముందు ఆటగాళ్ళను దగ్గరకు పిలిచి, స్వర్ణ పతకాన్ని తనకు కానుకగా ఇవ్వమని అడిగాడని వారు తరువాతి కాలములో చెప్పేవారు.

ఫైనల్‌లో ప్రత్యర్థి మరల దక్షిణ కొరియాయే. క్రీడాప్రాంగణములో సుమారు లక్షమంది ప్రేక్షకులు ఉన్నారు. భారత జాతీయ గీతము వినిపించినప్పుడు ఎగతాళి చేశారు. బంతి భారత ఆటగాడి కాలికి తగిలిన ప్రతిసారీ కేకలు పెట్టారు. ఆ జనములో భారత్‌ను ప్రోత్సహించినది పాకిస్తాన్ హాకీ జట్టు. ఆ క్రీడలలో భారత్‌ను ఓడించి హాకీ స్వర్ణము గెలిచినది వారే కావడము విశేషము.

చుని గోస్వామి నాయకత్వములోని భారత జట్టు ఆ కేకలకు ఆటతోనే బదులిచ్చింది. 17వ నిమిషములో పి.కె.బెనర్జీ, 20వ నిమిషములో తలకు గాయముతో ఉన్న జర్నైల్ సింగ్ గోలులు చేశారు. ఆట ముగియవస్తుండగా కొరియా ఒక గోలు చేసినా, భారత్ 2-1తో గెలిచింది. సోంధీ మాటలతో గాని, రాజకీయ వివాదముతో గాని ఆ పదకొండు మందికి ఏ సంబంధమూ లేదు. కాని ఆ కోపాన్ని తొంభై నిమిషాలు భరించినది వారు.

మరణము, తరువాతి కాలము

జకార్తా నుండి తిరిగివచ్చిన తరువాత రహీం ఆరోగ్యము క్షీణించింది. 1963 జూన్ 11న హైదరాబాదులో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఉత్తమ శిక్షకులకు కేంద్ర ప్రభుత్వమిచ్చే ద్రోణాచార్య పురస్కారము 1985లో మొదలయింది కనుక ఆయన జీవితకాలములో అటువంటి గౌరవానికి అవకాశమే లేకపోయింది. నగరము కూడా ఆయనను చాలాకాలము మరచిపోయిందనే చెప్పాలి. 1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలకు అర్హత పొందలేదు. 1970 ఆసియా క్రీడలలో హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వములో కాంస్య పతకము లభించింది.

రహీం జీవితము ఆధారముగా మైదాన్ అనే హిందీ చలనచిత్రము 2024 ఏప్రిల్‌లో విడుదలయింది. ఇందులో అజయ్ దేవగణ్ రహీం పాత్రను పోషించాడు. రోములో ఆడే అవకాశము రాని కుమారుడు హకీం భారత వైమానిక దళములో పనిచేసి, అంతర్జాతీయ ఫుట్‌బాల్ రెఫరీగా పేరు పొంది, 2021 ఆగష్టులో మరణించాడు.