కరవది సన్నాయి

మా పొదిలి వైపు సన్నాయంటే పెళ్ళిపందిరి సందడే. కూర్చొని వినేవారు అరుదు. కూర్చొని వినవలసిన వాద్యమేనని షేక్ చినమౌలానా గారి తోడి రికార్డింగు చెబుతుంది.

ఆయన మనవాడే. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. అప్పటికది గుంటూరు జిల్లా. తరతరాలుగా ఇంటి విద్య నాదస్వరం. తండ్రి వద్ద మొదలుపెట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబు గారి వద్ద నేర్చారు. కచేరీలు, పేరూ వచ్చాయి. ఇంకొకరైతే అక్కడ ఆగేవారు. ఈయన మనసు మాత్రం టి.ఎన్. రాజరత్నం పిళ్ళై గారి తంజావూరు బాణీ మీదికి పోయింది. పేరున్న విద్వాంసులై ఉండీ మళ్ళీ శిష్యులై నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరుల ముందు కూర్చున్నారు. బిరుదులన్నిటికన్నా నాకిదే పెద్దదనిపిస్తుంది.

ఆ చదువు రికార్డింగులో వినబడుతుంది. ఈ వాద్యానికి వేళ్ళాడే రంధ్రాలు ఏడే. మీటలు లేవు. గమకం చాలావరకు ఊపిరితో, పీక మీద పెదవి బిగువుతో రావాలి. తోడిలో ఆయన గాంధారం ఊగుతుంది గాని శ్రుతి తప్పదు. లాబులో శ్రుతిదండం ఒకే ఫ్రీక్వెన్సీలో మోగడం విన్న మా సైన్సు చెవులకు ఇదొక వింత! తొందర అసలే లేదు. ఒక్క స్వరాన్ని పట్టుకొని, మిరపనారు నాటినంత ఓపికగా, పక్క స్వరానికి వెళతారు.

తరువాత శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. నమాజు చేసే ఆ మనిషి రంగనాథుని భక్తితో కొలిచారు. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకు నేర్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి వచ్చాయి. 1999 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆ తోడిని మనవలు కాసిం, బాబు అందుకున్నారు.