రాస్ గారి సంతృప్తికి ఎన్ని మార్కులు?

నేను ఒక జిల్లా ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న రోజుల్లో మా అందరికీ ఒక ఫారం పంచిపెట్టారు. ఉద్యోగంలో సంతృప్తి ఎంత అని ప్రశ్న. పని పరిస్థితులు, జీతం, పనివేళలు, తోటివారు, పై అధికారుల గుర్తింపు, సొంత పద్ధతిలో పనిచేసే స్వేచ్ఛ, నేర్చిన విద్యను వాడుకునే అవకాశం - ఒక్కొక్కదానికి ఎదురుగా అయిదేసి గళ్ళు. పైన పేరు, హోదా వ్రాసి పై అధికారి ద్వారానే పంపాలి. నేను అన్నింటికీ నడిమి గడిలో టిక్కు పెట్టి ఇచ్చేశాను.

పదవీ విరమణ తరువాత సర్ రోనాల్డ్ రాస్ జీవితం చదువుతుంటే ఆ ఫారం గుర్తుకు వచ్చింది. ఆయన అయితే ఎలా నింపేవారు?

రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యంలో అధికారి. కుమారునికి సాహిత్యం, చిత్రలేఖనం మీద మనసు. తండ్రికి అతన్ని ఇండియన్ మెడికల్ సర్వీసులో చూడాలని పట్టుదల. లండన్‌లో వైద్యం చదివి 1881లో ఆ సర్వీసులో చేరారు. మొదటి ఏడేళ్ళు మద్రాసు, బర్మా, అండమాన్ ప్రాంతాల్లో గడిచాయి. పని తక్కువ, తీరిక ఎక్కువ. పద్యాలు, గణితంతో కాలక్షేపం. ఉద్యోగం ఉంది గాని మనసు అందులో లేదు.

1894లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ గారు మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపించి, దానికీ దోమకూ సంబంధం ఉండవచ్చునన్నారు. అప్పటి నుంచి రాస్‌కు అదే ధ్యాస. 1895లో సికిందరాబాదు చేరి దోమలను కోసి చూడసాగారు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరు పంపారు. తిరిగి వచ్చాక, 1897 ఆగస్టులో, బేగంపేటలో పని సాగింది. విపరీతమైన ఉక్క. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగికి, తనను కుట్టనిచ్చిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో క్రిమి కనిపించింది!

కొన్ని వారాలకే బదిలీ ఉత్తర్వు వచ్చింది. రాజపుతానాలోని ఖేర్వారాకు. అక్కడ పరిశోధనకు తగిన మలేరియా లేదు. మాన్సన్ గారి ప్రయత్నం వల్ల 1898లో కలకత్తాలో ప్రత్యేక విధి దొరికింది. పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని ఆ జులైలో తేల్చారు. 1899లో సర్వీసు వదలి లివర్‌పూల్ వెళ్ళారు. 1902లో నోబెల్ బహుమతి, 1911లో సర్ బిరుదు. అయినా తృప్తి లేదు. ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాసీతో చాలా కాలం వివాదం. తన కృషికి తగిన ప్రతిఫలం రాలేదన్న బాధ. 1928లో తన కాగితాలనే అమ్ముకున్నారు. 1932 సెప్టెంబరు 16న కన్నుమూశారు.

విచిత్రమేమంటే, మా ఫారంలోని అయిదు గళ్ళ పద్ధతిని అమెరికాలో రెన్సిస్ లైకర్ట్ ప్రకటించినది కూడా 1932లోనే.

ఇప్పుడు రాస్ గారి ఫారం నింపుదాం. బేగంపేటలో పని పరిస్థితులకు అట్టడుగు గడి. స్వేచ్ఛకు, గుర్తింపుకు కూడా అంతే. నేర్చిన విద్యను వాడుకునే అవకాశానికి మాత్రం అన్నిటికంటె పై గడి. మొత్తం కూడి సగటు తీస్తే అసంతృప్త ఉద్యోగి అని తేలుతుంది. కాని ఆయన జీవితంలో పరమానందం కలిగిన రోజు అదే! మొదటి ఏడేళ్ళకూ బేగంపేటకూ తేడా జీతం కాదు, పని. ఖేర్వారా ఉత్తర్వు తీసేసుకున్నదీ ఆ పనినే. కనుక డాక్టర్ల సంతృప్తిని కొలిచేవారు మొత్తం మార్కులతో ఆగకుండా ఏ గడి ఎక్కడ ఉన్నదో చూడాలి. పేరు లేకుండా అడగాలి. బదిలీ ఉత్తర్వు మీద సంతకం చేసేముందు ఆ కాగితం చదవాలి.

నేను పెథాలజీ చదివినవాడిని. చివరి ఎనిమిదేళ్ళు స్టోర్సు, బిల్లులు చూశాను. ఆ ఫారంలో విద్యను వాడుకునే అవకాశం ఎదురుగా నేను పెట్టిన నడిమి టిక్కు అబద్ధం. సర్వీసులో ఉన్న చిన్నవారు నాలా చేయవద్దని మనవి.